గుచ్చుకోని ముల్లు

ఆరేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. డాక్టరు అడిగితే రెండు ముక్కల్లో చెప్పిన జవాబు అది. చెప్పడానికి క్షణం పట్టలేదు. దించడానికి ఇవాళ్టిదాకా చోటు దొరకలేదు. మా ఆయనకు చెప్పలేదు. దేవుడి ముందు కూడా చుట్టూ తిప్పి చెప్పానే తప్ప సూటిగా ఎప్పుడూ ఒప్పుకోలేదు. మీరెవరో నాకు తెలీదు, నేనెవరో మీకు తెలీదు. అందుకే మీకు చెబుతున్నాను. మధ్యలో నన్ను ఓదార్చాలనిపిస్తే కాస్త ఆగండి. ముందు మొత్తం వినండి.

మాది శ్రీకాకుళం జిల్లాలో సముద్రపు ఒడ్డు ఊరు. మా ఆయనా, మా బావగారూ ఏడాదిలో ఎక్కువ నెలలు వేటకెళ్ళి గుజరాత్ బోట్ల మీదే ఉంటారు. ఇంట్లో మిగిలేది నేనూ, నా ఇద్దరు పిల్లలూ, మా తోడికోడలూ. ఆమెకు పిల్లల్లేరు. పేరు రాయను. అక్క అని పిలిచేదాన్ని, అలాగే రాస్తాను. నాకంటే పన్నెండేళ్ళు పెద్ద. నేను కాపురానికి వచ్చిన కొత్తలో చేప కోయబోయి చెయ్యి కోసుకుంటే, కత్తిపీట తన ముందుకు లాక్కుని, సేపల సంగతి నాను సూసుకుంతాను, సదువుకున్న పిల్లవి నువ్వు కాయితాలు సూసుకో అంది. ఇంట్లో ఇంటర్ చదివినదాన్ని నేనొక్కదాన్నే. రేషన్ కార్డు నుంచి ఆసుపత్రి చీటీ దాకా అన్నీ నా చేతికే వచ్చేవి. ఎక్కడైనా ఆమెను ప్రశ్న అడిగితే ఆమె నా మొహం చూసేది, నేను జవాబు చెప్పేదాన్ని. అది మా ఇద్దరికీ అలవాటైపోయింది.

అక్కకు మలద్వారం దగ్గర పేగులో కేన్సర్ అని తేలింది. విశాఖలో ఆపరేషన్ చేసి ఆ భాగం తీసేశారు. పొట్టకు ఎడమ పక్క దారి పెట్టి, మలం పడడానికి ఒక సంచీ తగిలించారు. ఇక జన్మంతా అంతే అన్నారు. ఊళ్ళో మాత్రం గర్భసంచి ఆపరేషన్ అని చెప్పాం. అది మా వైపు ఆడవాళ్ళకు మామూలు సంగతి, ఎవరూ రెండో మాట అడగరు. సంచీ ఉందని తెలిస్తే తన చేతి చేప ఎవరూ ముట్టరని అక్క భయం. ఆ భయం ఉత్తది కాదు. నేను ఊరి మనిషినే, నాకు తెలుసు.

సంచీ మార్చడం నేనే నేర్చుకున్నాను. అక్క మూడు నెలలకు మళ్ళీ చేపల గంప ఎత్తింది. చీర మీద తువ్వాలు బిగించి కట్టుకునేది. వాసన వస్తుందేమోనని నేను హడిలిపోతుంటే నవ్వేది. సేపల కంపు ఉన్నాది కదే మనకి, దేవుడు ముందే సూసి ఇచ్చినాడు అనేది. పాతపట్నం వైపు ఎండు చేపలు పట్టుకెళ్ళినప్పుడు, బస్సులో మా పక్కన ఎవరూ కూర్చోకపోతే ఆమెకు మహా సరదా. కాళ్ళు బారజాపుకుని కూర్చునేది.

మూడు నెలలకోసారి పరీక్షకు విశాఖ రమ్మన్నారు. మొదటి బస్సుకు పోవాలి. పిల్లల్ని పక్కింట్లో అప్పగించాలి. రక్తం ఇవ్వడానికి ఒక వరుస, స్కానింగుకు ఒక వరుస, డాక్టరు కోసం ఇంకో వరుస. ఆ రోజంతా అక్క మూత్రానికి లేచినా, సంచీ నిండినా నేనే వెంట ఉండాలి. మొదటి ఏడాది ఒక్కసారి కూడా తప్పలేదు. రెండో ఏడాది నాకు విసుగొచ్చింది.

ఈ ఒక్క మాట రాయడానికే ఆరేళ్ళు పట్టింది నాకు. విసుగు. ఆమె అంటే ప్రేమ లేదా? ఉంది. జాలి లేదా? అదీ ఉంది. మరి ఆ రెండూ ఉన్న చోట విసుగెలా పుడుతుంది? పుడుతుంది. బాగానే ఉన్నావు కదక్కా, వచ్చే నెల వెళ్దాంలే అన్నాను. సరేనంది. ఇంకోసారి కూడా అదే అన్నాను. అప్పుడూ సరేనంది.

ఆ తర్వాత వేలు వాచింది. కుడిచేతి నడిమి వేలు, గోరు దగ్గర. ఎర్రగా, ముట్టుకుంటే వేడిగా ఉండేది. ఒడ్డున ఉన్నవాళ్ళందరిదీ ఒకటే మాట, జెల్ల ముల్లు. జెల్ల చేప ముల్లు గుచ్చుకుంటే చెయ్యంతా సలుపుతుంది, వాస్తుంది. మా దగ్గర వేలు వాస్తే ఇంకో కారణం ఎవరూ వెతకరు. అక్క ఒక్కతే నాతో, నాకు ఏ ముల్లూ గుచ్చుకోనేదే అంది. నేను విన్నాను. ఇది గుర్తుపెట్టుకోండి, నేను విన్నాను. విని కూడా వేలికి నిమ్మకాయ తొడిగి, నీకు తెలీకుండా గుచ్చుకుని ఉంటుందిలే అన్నాను. పుట్టినప్పటి నుంచీ చేపల్లో చెయ్యి పెట్టిన మనిషికి ముల్లు దిగితే తెలీకుండా ఉంటుందా?

పది రోజులకూ తగ్గకపోతే దగ్గరి టౌనులో ఒక చిన్న ఆసుపత్రికి తీసుకెళ్ళాను. డాక్టరు కుర్రవాడు, మర్యాదస్తుడు. ఏమైందమ్మా అని అక్కను అడిగాడు. అక్క నా మొహం చూసింది. జెల్ల ముల్లు గుచ్చుకుందండీ అన్నాను. ఇంతకుముందు పెద్ద జబ్బులేమైనా ఉన్నాయా, ఆపరేషన్లు అయ్యాయా అని అడిగాడు. గర్భసంచి తీశారండీ, ఇంకేం లేవు అన్నాను.

అక్కడ నర్సు మా పక్క ఊరి పిల్ల. ఆమె వింటే సాయంత్రానికల్లా మా వీధికి తెలిసిపోతుంది, అందుకే అలా చెప్పాను అని ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. చాలా బాగుంటుంది ఆ కారణం. ఎవరు విన్నా ఒప్పుకుంటారు. కానీ డాక్టరు ఆ ప్రశ్న అడిగినప్పుడు నర్సు గదిలో లేదు. దూది తేవడానికి బయటికి వెళ్ళింది, తలుపు కూడా దగ్గరగా వేసింది. ఆ తలుపు చప్పుడు నాకు ఇప్పటికీ గుర్తుంది. గదిలో ఉన్నది మేం ముగ్గురమే. కేన్సర్ అన్న మాట నోటి దాకా వచ్చింది. దాని వెనకే ఆ బస్సు, ఆ వరుసలు, పరీక్షలు ఎందుకు మానేశారని విశాఖ డాక్టరు పెట్టబోయే చీవాట్లు, అన్నీ వచ్చాయి. నోరు మూసుకున్నాను. పరువు కోసం కాదు. బస్సు ఎక్కలేక.

బయటికొచ్చాక ఆటోలో అక్క నా చెయ్యి పట్టుకుంది. బలే సెప్పినావే, ఆ నర్సు పిల్ల తలుపు కాడ నిలబడి ఇంతాదేమోనని నాకు గుండె దడదడలాడిపోనాది అంది. నేను ఆటో బయటికి చూస్తూ కూర్చున్నాను.

నాలుగు నెలలు ముల్లుకే వైద్యం జరిగింది. వేలు కోశారు. చీము రాలేదు, నెత్తురు వచ్చింది. మందులు మార్చారు. మళ్ళీ కోశారు. అక్క ఎడమచేత్తో తినడం అలవాటు చేసుకుంది. నొప్పికి అరిచే మనిషి కాదు, కానీ వేలికి గాలి తగిలినా పెదవి కొరుక్కునేది. ఒక్కో రోజు రేపు వెళ్ళి ఆ డాక్టరుకు చెప్పేద్దాం అనుకునేదాన్ని. చెబితే, మొదట్లోనే ఎందుకు చెప్పలేదని అడుగుతాడు కదా? ఒక్కో వారం గడిచేకొద్దీ ఆ ప్రశ్న పెద్దదైంది. చివరికి ఆయనే ఎక్స్‌రే తీయించి, ఎముక తినేసినట్టు ఉందమ్మా, ఇది ముల్లు పని కాదు అని విశాఖకు రాసిచ్చాడు.

మళ్ళీ అదే బస్సు. వేలి లోంచి ముక్క తీసి పరీక్షకు పంపారు. పేగులో జబ్బే వేలి ఎముకలోకి వచ్చింది. అది మామూలుగా కాలేయానికో ఊపిరితిత్తులకో పోతుందట. చేతివేలికి రావడం తన సర్వీసులో చూడలేదని చెప్పి పెద్ద డాక్టరు చిన్న డాక్టర్లను పిలిచి చూపించాడు. స్కానింగులో ఊపిరితిత్తుల మీద కూడా చిన్న చిన్న మచ్చలు కనిపించాయి. అప్పుడు ఆయన పాత చీటీలు తిరగేసి నావైపు చూశాడు.

"అక్కడి డాక్టరుకు ఈ ఆపరేషన్ సంగతి చెప్పారా?"

జీవితంలో మొదటిసారి నా మొహం చూడకుండా అక్క జవాబు చెప్పింది.

"నానే సెప్పొద్దన్నాను బాబూ. ఈ పిల్ల తప్పేటీ నేదు."

అననే లేదు ఆమె. ఆ మాట నాతో ఎన్నడూ అనలేదు. తన పరువు కోసం నేను అబద్ధమాడానని నమ్మి, నన్ను కాయడానికి తనూ ఒక అబద్ధమాడింది. డాక్టరు తలూపి రాసుకున్నాడు. నేను పక్కనే నిలబడి ఉన్నాను. కాదండీ అనడానికి ఎంత సేపు పడుతుంది? అనలేదు.

వేలు మొదలంటా తీసేశారు. ఆ నొప్పి పోయింది, ఆ సుఖమైనా దక్కింది ఆమెకు. తర్వాత కీమో ఇచ్చారు. ఈసారి ఒక్క తేదీ తప్పించలేదు నేను. జ్వరంతో ఉన్నా తీసుకెళ్ళాను. ఊళ్ళో అందరూ అలాంటి తోడికోడలు ఉండాలన్నారు. అక్క కూడా నాలుగు వేళ్ళ చెయ్యి నా తలమీద పెట్టి అదే మాట అంది. ఏడాదిన్నర బతికింది. ఆ నాలుగు నెలలు ముందే తెలిసి ఉంటే ఇంకా బతికేదా అని డాక్టర్ని అడగలేదు. అవునంటాడేమోనని భయం. కాదంటే నాకు తేలికైపోతుందేమో, అదీ భయమే. ఏదైనా కావచ్చు. కానీ ఆ నాలుగు నెలల నొప్పి సంగతికి డాక్టరు అక్కర్లేదు. అది నేను కళ్ళారా చూశాను.

ఒకసారి చెప్పబోయాను. సంచీ మారుస్తున్నాను. అక్కా, ఆ రోజు ఆ అబద్ధం నేను నీకోసం చెప్పలేదే అని మొదలుపెట్టాను. ఆమె కిటికీ లోంచి, ఎండబెట్టిన నెత్తళ్ళ చేపల్ని కోడి ఎత్తుకుపోవడం చూసి, ఒలే దాన్ని తోలు, దాన్ని తోలు అంటూ నవ్వుతోంది. లేచి కోడిని తోలాను. తిరిగొచ్చాక మాట మార్చాను. ఆ వర్షాకాలమే అక్క పోయింది. బావగారు గుజరాత్ నుంచి వచ్చేదాకా శవాన్ని ఉంచాం.

వేలు ఎందుకు తీశారంటే ఊళ్ళో అక్కే చెప్పింది, జెల్ల ముల్లు విషం ఎక్కిందని. నా అబద్ధాన్నే వాడుకుంది. ఇప్పుడు ఒడ్డున కొత్తగా పనిలోకి వచ్చిన ఆడపిల్లలకు పెద్దవాళ్ళు ఆమె కథే చెబుతారు. జెల్ల ముట్టుకుంటే చేతికి గుడ్డ చుట్టుకోండి, ఆ ముల్లుకే ఆమె వేలు పోయింది, ఆ తర్వాత మనిషే పోయింది అంటారు. అనేసి, నువ్వు చెప్పవే, పక్కనే ఉన్నావు కదా అని నావైపు చూస్తారు. నేను తలూపుతాను. ఆమె పోయినప్పటి నుంచీ తలూపుతూనే ఉన్నాను. పొద్దున్న కూడా ఊపి వచ్చాను. వచ్చి, చెయ్యి కడుక్కుని, ఈ కాగితం తీశాను.

దీంతో ఆమెకు ఒరిగేదేమీ లేదు. నన్ను క్షమించాల్సిన మనిషి, క్షమించాల్సింది ఒకటుందని తెలీకుండానే పోయింది. మీరు క్షమించినా అది నాకు పనికిరాదు. నాకు కావలసింది, ఎక్కడో ఒక చోట, ఒక్కరికైనా, ఉన్నది ఉన్నట్టు తెలియడం.

అక్క వేలికి ఏ ముల్లూ గుచ్చుకోలేదు. ఆమె నాతో చెప్పింది. నేను విన్నాను.