ముప్పై ఏడు డిగ్రీల పెరుగు

గిన్నెడు పెరుగు కోసం కెనడా ఆసుపత్రులన్నింటినీ నిండా ముంచబోయిన మొనగాణ్ణి నేను. నవ్వండి, పర్లేదు. ఇప్పుడు నేనూ నవ్వుతున్నాను.

అప్పుడు నాకు పాతికేళ్లు. సస్కటూన్‌లో ఒక ల్యాబ్‌లో ఉద్యోగం. ఒకే మనిషి రక్తంలో లివర్ ఎంజైమ్ కొలిస్తే ఈ ఆసుపత్రి మెషిన్ ఒక అంకె చెబుతుంది, ఆ ఆసుపత్రి మెషిన్ ఇంకో అంకె. వాటన్నింటినీ సరిచూసుకోవడానికి, బలం ఎంతో ముందే కచ్చితంగా తెలిసిన ఎంజైమ్ సీసాలు మేం తయారుచేసేవాళ్లం. కొట్టువాడి తూకపురాయి లాంటివన్నమాట. రాయే తప్పయితే ఇక చెప్పేదేముంది!

నేనుండేది బేస్‌మెంట్ గదిలో, ఒంటరిగా. శుక్రవారం ‘బై’ అన్న నోరు మళ్లీ సోమవారం ‘హాయ్’ అనడానికే తెరుచుకునేది. ఆ దిగులులో కొట్లో పెరుగు గొంతు దిగేది కాదు. ఇంట్లో తోడుపెడదామంటే ఆ చలికి పాలు తోడుకుంటేనా! ల్యాబ్‌లో ఇంక్యుబేటర్ మాత్రం సరిగ్గా ముప్పై ఏడు డిగ్రీలు. మా సీసాలు వేడికి ఎన్నాళ్లు ఆగుతాయో చూడ్డానికి అందులో పెట్టాం. ఒక శుక్రవారం సాయంత్రం, ఎవరూ చూడకుండా, వాటి పక్కన నా స్టీలు డబ్బా ఇరికించాను.

సోమవారం వచ్చి చూస్తే డబ్బా అడ్డుపడి తలుపు బెత్తెడు తెరిచే ఉంది. పాలు పాలలాగే ఉన్నాయి. ‘ఛీ, నా ఖర్మ’ అనుకుని తలుపు మూసి, డబ్బా బ్యాగులో దాచేశాను. చూశారా, నా ఏడుపంతా పెరుగు గురించే!

మధ్యాహ్నం మా హెడ్ ప్రభావతి గారు గంతేసినంత పని చేశారు. ఆవిడది తెనాలి.

“అద్భుతమయ్యా! మూడ్రోజులు వేడిలో ఉన్నా బలం ఇసుమంత తగ్గలేదు. రేపే రిపోర్ట్ పంపిద్దాం!”

అప్పుడు వెలిగింది నాకు. అసలు వేడంటూ ఉంటే కదా తగ్గడానికి! వీటిని నమ్మి పంపితే దారిలోనే పాడవుతాయి, ఎవరి లివర్‌కో తప్పు అంకె పడుతుంది. నిజం చెబితేనేమో వచ్చే నెల నా కాంట్రాక్ట్ రెన్యూవల్ గోవిందా. పాలు దాచనేల, పరువు పోనేల!

“మేడమ్... తోడుకోలేదండీ.”

“ఏంటి తోడుకోలేదు?”

“పెరుగండీ.”

“ఏ పెరుగయ్యా?”

“ఇంక్యుబేటర్‌లోదండీ.”

తలుపు సంగతీ చెప్పేశాను. ఆవిడ కుర్చీలో కూలబడ్డారు.

“ఎంజైమ్ పక్కన పెరుగా! బుద్ధుందా నీకు? కొట్లో దొరకదా?”

“దొరుకుతుందండీ. వీకెండంతా చేయడానికి ఇంకే పనీ లేదండీ.”

ఆవిడ టేబుల్ మీది రిపోర్ట్ తీసి పక్కన పడేశారు. తర్వాత శిక్ష వేశారు.

“రిపోర్ట్ ఆపేస్తున్నా. టెస్ట్ మళ్లీ మొదట్నుంచి, ఈసారి ఆరు వారాలు. శని, ఆదివారాలతో సహా రోజూ పొద్దున ఎనిమిదికి వచ్చి టెంపరేచర్ చూసి నాకు చెప్పు. మెసేజ్ కాదు, ఫోన్.”

రోజూ “ముప్పై ఏడండీ” అనేవాణ్ణి. “సరే” అని పెట్టేసేవారు. రెండో వారానికి అది “సరే, టిఫిన్ చేశావా?” అయింది. ఆ ఊళ్లో నన్ను ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆవిడే.

ఆరు వారాలూ గడిచాయి. టెస్ట్ నెగ్గింది, ఉద్యోగమూ నిలిచింది. ఆ మర్నాడు శనివారం, ఎనిమిదికి, ఇంటినుంచే ఫోన్ చేశాను.

“ముప్పై ఏడండీ.”

“టెస్ట్ అయిపోయింది కదయ్యా!”

“తెలుసండీ.”

“సరే, టిఫిన్ చేశావా?” అన్నారు.

ముక్కోటి దేవతల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ల్యాబ్‌లో ఇక ఈ జన్మకు పెరుగు తోడుపెట్టను. తోడు కావాలంటే ఫోన్ చేస్తాను.