సెకనున్నర తేడా

డిపోలో ఆమెను అందరూ రీలక్క అంటారు. రీలన్నది ఆమె చేతికి ఏనాడూ రాలేదు. ఆమెకు ముందు బస్సు కెమెరాల గదిలో పనిచేసిన పెద్దాయన రీలు బాబాయి. ఆయన రిటైరై వెళ్తూ తాళంచెవితో పాటు పేరు కూడా అప్పగించి పోయాడు. పద్దెనిమిదేళ్ళుగా పేరూ అదే, పనీ అదే. ఏ బస్సు ఎవరిని రాసుకున్నా, బస్సులో ఎవరు ఎవరి చొక్కా పట్టుకున్నా, కెమెరాలో పడ్డదంతా ఆమె బల్ల మీదికి వస్తుంది. ఏ సెకనుకు ఏం జరిగిందో చూసి ఆమె కాగితం మీద పెడుతుంది. తప్పు ఎవరిదో రాయదు. అది రాసేవాళ్ళు వేరే ఉన్నారు. కాని వాళ్ళు రాసేది ఆమె కాగితం చూసే.

ఆ రోజు మధ్యాహ్నం ఒంటిగంటకు కంప్యూటరతను కొత్త మెషీను చంకలో పెట్టుకుని వచ్చాడు. నలభై దాటిన మనిషి. రెండంతస్తుల మెట్లు ఎక్కేసరికి రొప్పుతున్నాడు.

"అక్కా, నీ ముసలిదాన్ని తీసుకెళ్ళిపోతున్నా. కళ్ళనీళ్ళు పెట్టుకోకు మరి."

"పెట్టెను ఎక్కడికైనా తీసుకెళ్ళు తమ్ముడూ. అందులో ఉన్నదాన్ని ముట్టుకున్నావంటే మాత్రం ఊరుకోను."

అందులో ఉన్నదంటే ఆమె వీడియో ప్లేయరు. దాని గురించి ఆమెను కదిపితే గంటసేపు చెబుతుందని డిపోలో పేరు. ఒక్కొక్క బొమ్మనే ముందుకూ వెనక్కూ నడిపిస్తుంది. ఎక్కడ ఆపితే అక్కడే మళ్ళీ తెరుస్తుంది. పెంచిన సౌండు, తగ్గించిన వెలుతురు, ఏదీ మర్చిపోదు. ఆమె భర్త కుట్టుమిషన్లు బాగుచేస్తాడు. ఎవరి మిషనులో ఏ స్క్రూ ఎప్పుడు మార్చాడో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు, ఇంటి తాళంచెవి ఎక్కడ పెట్టాడో మాత్రం రోజూ ఫోను చేసి ఆమెనే అడుగుతాడు. "మా ఆయనకన్నా నా ప్లేయరే నయం" అని ఆమె నలుగురిలో అన్న మాటను నలుగురూ ఆయనకు చేరవేశారు.

"పై ఆఫీసు ఆర్డరక్కా," అన్నాడు కంప్యూటరతను వైర్లు తగిలిస్తూ. "ఇకనుంచి మెషీనుకు ఒక్కటే ప్లేయరు. నీ పాతదాన్ని సెట్టింగులతో సహా చెక్కుచెదరకుండా ఇందులోకి తెచ్చా. పక్కన కొత్తవి రెండు పెట్టా. నాలుగింటికల్లా ఏదో ఒకటి చెప్పెయ్. మిగతావి తీసేసి తాళం వేసేస్తా. మళ్ళీ మూడేళ్ళదాకా మార్చే అధికారం నాకే లేదు."

"చెప్పేదేముంది? నాది నాకుంచు."

"చూడకుండా రాస్తే పైవాళ్ళు ఒప్పుకోరు. మూడింట్లోనూ ఒకే రికార్డింగు వేసి చూశానని సంతకం పెట్టాలి."

"నాలుగింటికి నాకు విచారణ ఉంది."

"అందుకే మూడున్నరకే చెప్పెయ్," అన్నాడతను నవ్వుతూ.

విచారణ మాట ఎత్తాక ఆమెకు నవ్వు రాలేదు. కూజాలో నీళ్ళు అయిపోయాయని బయటికి వచ్చింది. వరండాలో బెంచీ మీద, ఆ విచారణ ఎవరి మీదో ఆ డ్రైవరు అప్పుడే వచ్చి కూర్చున్నాడు. ఇస్త్రీ చేసిన యూనిఫాం వేసుకున్నాడు గాని, జేబు మీద నంబరు బిళ్ళ లేదు. దాన్ని తీసేసుకుని ఇరవై ఆరు రోజులైంది. అతన్ని డిపోలో రెండు దెబ్బలు అంటారు. ఏ ట్రిప్పు మొదలుపెట్టినా ముందు డాష్‌బోర్డు మీద ఎడమ అరచేత్తో రెండు దెబ్బలు వేస్తేగాని బండి కదపడు. "ఇంట్లో కూడా నిద్ర లేపేది ఇలాగేనా అన్నా?" అని తోటివాళ్ళు ఏడిపించేవారు. ఇప్పుడు ఎవరూ ఏడిపించడం లేదు. అతని బస్సు కింద పడి సైకిలు మీది మనిషికి కాలు విరిగింది. హారన్ కొట్టకుండా దాటబోయాడన్నది అతని మీద నేరం. కొట్టానంటాడు అతను. సైకిలు అడ్డం తిరిగిన ఒక సెకను తర్వాత హారన్ మోగిందని ఉంది రీలక్క కాగితంలో.

"రీలక్కా, నేను హారన్ ముందే కొట్టానమ్మా."

"అన్నా, విచారణ అయ్యేదాకా నువ్వు నాతో మాట్లాడకూడదు."

"మాట్లాడటం లేదమ్మా. చెబుతున్నా."

ఆమె నీళ్ళు పట్టుకుని తల దించుకుని వచ్చేసింది. అబద్ధం చెప్పేవాళ్ళను పద్దెనిమిదేళ్ళుగా చూస్తోంది. వాళ్ళు ఒట్లు వేస్తారు, పిల్లల్ని తలుచుకుంటారు. ఇతను ఏ ఒట్టూ వేయలేదు. అయినా ఆమె కళ్ళతో చూసింది, చెవులతో విన్నది. ఒకసారి కాదు, పదకొండుసార్లు.

పరీక్షకు ఏ రికార్డింగు వేయాలని వెతుక్కోలేదు. ఎదురుగా ఉన్నది అదే, కంఠతా వచ్చిందీ అదే. ముందు తన ప్లేయరులో పెట్టింది. ఎనిమిదీ పద్నాలుగు, ముప్ఫై రెండో సెకను: సైకిలు ఎడమ నుంచి బస్సు ముందుకు తిరిగింది. ముప్ఫై మూడు: హారన్. వెంటనే తగలడం. డ్రైవరు చెయ్యి హారన్ మీద పడిందా లేదా అన్నది బొమ్మలో కనబడదు. స్టీరింగు మధ్యభాగం అతని భుజం చాటున ఉంటుంది. అందుకే ఈ కేసులో చెవి తప్ప ఇంకో సాక్షి లేదు.

అదే రికార్డింగు మొదటి కొత్త ప్లేయరులో పెట్టింది. హారన్ మోగింది. సైకిలు ఇంకా తిన్నగానే పోతోంది. అర సెకను తర్వాత తిరిగింది.

రీలక్క వెనక్కి నడిపి ఇంకోసారి వేసింది. అదే.

"ఇదేంటి తమ్ముడూ, ఇది శబ్దాన్ని ముందుకు లాగేస్తోంది? ఇలాంటిదా మాకు అంటగట్టేది?"

కంప్యూటరతను వంగి చూశాడు. రెండో కొత్తదానిలో వేశాడు. హారన్, అర సెకను, సైకిలు.

"కొత్తవి రెండూ ఒకటే మాట చెబుతున్నాయక్కా. నీ ముసలిదే వేరే పాట పాడుతోంది."

"ఇద్దరు ఒకటే చెబితే నిజమైపోతుందా?"

"అవదు. ఒక్కత్తే చెప్పినా అవదు."

ఆమెకు ఒళ్ళు మండింది. సరిగ్గా అప్పుడే ఆమెకు ఆరేళ్ళ కిందటి ఒక మధ్యాహ్నం గుర్తొచ్చింది.

అప్పట్లో బస్సుల్లో ఉన్న పాత కెమెరాల్లో శబ్దం ముందు వచ్చేది, బొమ్మ వెనక వచ్చేది. తలుపు దబ్బున చప్పుడయ్యాక సెకనున్నరకు మూసుకునేది. ఆ సంగతి కనిపెట్టింది తనే. కెమెరాలను ఎవరూ బాగుచేయకపోతే, ప్లేయరులో శబ్దాన్ని సెకనున్నర వెనక్కి నెట్టే మీట పట్టుకున్నదీ తనే. "ఇకపై అన్ని ఫైళ్ళకూ ఇదే" అన్న గడిలో టిక్కు పెట్టి, అందరి మెప్పూ పొందింది. నాలుగు నెలల కిందట పాత కెమెరాలు తీసేసి అన్ని బస్సుల్లోనూ కొత్తవి బిగించారు. బొమ్మ అద్దంలా ఉందని ఆమె సంతోషించింది. గడిలో టిక్కు సంగతి ఆమె మర్చిపోయింది. ప్లేయరు మర్చిపోలేదు.

ఆమె తన ప్లేయరు సెట్టింగులు తెరిచింది. గడిలో టిక్కు అలాగే ఉంది.

"ఏమైందక్కా?"

"నువ్వు కాసేపు మాట్లాడకు తమ్ముడూ."

అనుకుంటే సరిపోదు. కొత్త కెమెరాలకూ ఏదో జబ్బు ఉండొచ్చు. శబ్దమూ బొమ్మా ఒకేచోట కలిసేది ఒకటి కళ్ళకు కనబడాలి. రోడ్డు మీద అలాంటిది ఏముంటుంది? గుంతలో పడ్డ చప్పుడా? గుంత కనబడదు. తలుపా? ఈ కెమెరాకు తలుపు వెనకవైపు ఉంది. గోడ గడియారం మూడూ పది.

ఫోను మోగింది. భర్త.

"తాళంచెవి..."

"నీ పాత చొక్కా జేబులో," అని పెట్టేసింది. నిజంగా అక్కడుందో లేదో ఆమెకు తెలియదు.

వరండాలోంచి దగ్గు వినబడింది. రెండు దెబ్బలు డ్రైవరుది. ఆ దగ్గుతో ఆమెకు తట్టింది. రికార్డింగును ఆమె ఎప్పుడూ సంఘటనకు ముందు నిమిషం నుంచే చూస్తుంది. ట్రిప్పంతా చూడాలంటే రోజులు చాలవు. రీలు బాబాయి నేర్పిన పద్ధతే అది. ఈ రికార్డింగు మొదలు ఎలా ఉందో ఆమె ఎన్నడూ చూడలేదు.

సున్నాకు వెళ్ళింది. తన ప్లేయరులోనే. డ్రైవరు సీట్లో కూర్చున్నాడు, అద్దం సర్దుకున్నాడు, ఎడమ చెయ్యి ఎత్తాడు. అరచెయ్యి డాష్‌బోర్డు మీద పడింది. చప్పుడు లేదు. మళ్ళీ పడింది. చప్పుడు లేదు. చెయ్యి తిరిగి స్టీరింగు మీదికి పోయింది. అప్పుడు వినబడ్డాయి, చెయ్యి లేని చోట, రెండు దెబ్బలు.

కొత్తదానిలో వేసింది. చెయ్యి, చప్పుడు. చెయ్యి, చప్పుడు.

కంప్యూటరతను సెట్టింగులు మళ్ళీ తెరిచి టిక్కువైపు వేలు చూపించాడు. మెల్లగా అన్నాడు. "ఆ టిక్కు తీసేస్తే సరిపోతుంది కదక్కా. ఇప్పుడే తీసేద్దాం. సాయంత్రానికి కాగితం ఒకటి మార్చి..."

"ఈ నాలుగు నెలల్లో నేను రాసినవి ఏడు," అంది ఆమె. అతనితో కాదు.

బీరువా తెరిచి ఏడు కాగితాలూ తీసింది. నాలుగింట్లో శబ్దం ప్రస్తావన లేదు. ఒకదానిలో ఇద్దరు ప్రయాణికుల తిట్లు, ఎప్పుడు తిట్టుకున్నా తిట్లే. ఒకటి ఇది. ఇంకొకటి తీసి బల్ల మీద విడిగా పెట్టింది. కండక్టరమ్మ కాగితం. బస్సు ఆపమనే విజిల్, ముసలావిడ మెట్టు మీంచి జారాకే మోగిందని. ఆ అమ్మాయి ముందే వేశానని మొత్తుకుంది. ఆమెను ఆ రూటు నుంచి తీసేసి, సర్వీసు పుస్తకంలో హెచ్చరిక రాసేశారు. ఆ కేసు ముగిసింది. దాన్ని అడిగేవాళ్ళు ఎవరూ లేరు.

మూడూ నలభై అయింది. ఈ గదిలో ఇద్దరికి తప్ప ఇంకెవరికీ తెలియదు. డ్రైవరు సంగతి ఒక్కటీ చెబితే, కొత్త మెషీను రాగానే తేడా పట్టుకున్న రీలక్క అంటారు. రెండూ చెబితే ఏమంటారో ఆమె ఊహించగలదు.

"తమ్ముడూ, వీటిలో దేన్నీ కదపకు. నా టిక్కు అలాగే ఉండనీ. వాళ్ళు చూడాలి."

విచారణ గదిలో అధికారి కళ్ళజోడు తుడుచుకుంటున్నాడు. పక్కన యూనియన్ మనిషి. డ్రైవరు గోడకు ఆనుకుని నిలబడ్డాడు, కూర్చోమన్నా కూర్చోకుండా.

"సార్, నా కాగితం తప్పు," అంది రీలక్క.

అధికారి తుడవడం ఆపాడు. "ఏ వాక్యం?"

"హారన్ వాక్యం. హారనే ముందు మోగింది. అర సెకను. తప్పు మెషీనుది కాదు సార్, నాది." టిక్కు సంగతి చెప్పింది. ఒక్కో మాటా విడివిడిగా చెప్పింది.

"పద్దెనిమిదేళ్ళుగా మీ కాగితం మీద మేం కళ్ళు మూసుకుని సంతకాలు పెడుతున్నాం. ఇప్పుడు అన్నీ అనుమానించమంటారా?"

"నాలుగు నెలలవి సార్. ఏడు. వాటిలో ఈయనది ఒకటి, కండక్టరమ్మది ఒకటి."

"కండక్టరుదా? అది అయిపోయింది కదా!"

"ఆ అమ్మాయికి అయిపోలేదు సార్."

అధికారి లేచాడు. అందరూ ఆమె గదికి నడిచారు. నలుగురు పట్టే గది కాదది. డ్రైవరు గుమ్మంలోనే ఆగిపోయి మెడ సాచి చూశాడు. చెయ్యి పడింది, చప్పుడు లేదు. అధికారి మూడుసార్లు వేయించుకున్నాడు. తర్వాత కొత్తదానిలో రెండుసార్లు. యూనియన్ మనిషి ఒక్కడే నవ్వాడు, అదీ ఆపుకోలేక. "నీ అలవాటే నిన్ను ఒడ్డున పడేసిందయ్యా."

అధికారి నవ్వలేదు. హారన్ కొట్టలేదన్న అభియోగాన్ని కొట్టేసి, బస్సు వేగం సంగతి ఇంకా తేలాల్సి ఉంది కాబట్టి విచారణను వారానికి వాయిదా వేశాడు. నంబరు బిళ్ళ రేపే తిరిగి ఇమ్మన్నాడు. రీలక్క వైపు తిరిగి, "మీకు మెమో వస్తుంది. జవాబు రాతపూర్వకంగా ఇవ్వండి. విజిల్ రికార్డింగు రేపు పొద్దున్నకల్లా మళ్ళీ చూసి ఇవ్వండి," అని వెళ్ళిపోయాడు.

డ్రైవరు గుమ్మంలో అలాగే ఉన్నాడు. ఆమె అతనివైపు చూడక తప్పలేదు.

"ఎంతమ్మా తేడా?"

"సెకనున్నర, అన్నా."

అతను తన ఎడమ అరచెయ్యి చూసుకున్నాడు. "సెకనున్నరకు ఇరవై ఆరు రోజులు," అన్నాడు. కోపంగా అనలేదు. లెక్క సరిచూసుకుంటున్నట్టు అన్నాడు. మెట్లు దిగిపోయాడు.

కంప్యూటరతను వైర్లు చుట్టుకున్నాడు. "నాలుగు దాటింది. ఏదని రాయనక్కా?"

"ఆ కొత్తవాటిలో మూసేయగానే అన్నీ మర్చిపోయేది ఏది?"

"రెండోది. అందుకే దాన్ని ఎవరూ తీసుకోరు. ఆపిన చోటు కూడా గుర్తుండదు దానికి. తెరిచిన ప్రతిసారీ అన్నీ మళ్ళీ మొదట్నుంచీ సర్దుకోవాలి. చావు చాకిరీ."

"అదే రాయి."

అతను అలాగే రాశాడు. పాతదాని పేరు తెర మీంచి పోయింది. ఆమె కండక్టరమ్మ రికార్డింగు తీసింది. విజిల్ దగ్గరికి పోకుండా సున్నా దగ్గర పెట్టి, బస్సులో ఎవరి చెయ్యి దేనికి తగిలినప్పుడు చప్పుడవుతుందోనని చూస్తూ కూర్చుంది.