కొండప్ప కూతుర్ని చదివించిన తీరు

ధర్మవరంలో కొండప్ప నేసిన చీరకు వంక పెట్టేవాళ్లు లేరు. అతని చేతి దురుసుకు మాత్రం వీధంతా భయపడేది. టీ అంగడి కాడ మాట పెరిగితే గ్లాసు పగలగొట్టి మీదికి పోయే మనిషి. వాళ్ల నాయనా అంతే. చిన్నప్పుడు మగ్గం మీద దారం తెంపితే కొండప్పను వీపు మీద తన్నేవాడు. "ఆ తన్నులే నాకు పని నేర్పినాయి" అని కొండప్ప గొప్పగా చెప్పుకునేవాడు.

అతనికి ఒక్కతే కూతురు, వసుధ. ఐదో తరగతి చదువుతుండేది. కూతురు మగ్గం జోలికి రాకూడదని అతని పంతం. పెనుకొండ కాడ ఒక ప్రైవేటు హాస్టలు స్కూల్లో ఆరో తరగతిలో చేర్పించాలని దరఖాస్తు తెచ్చినాడు. పిల్ల తన గురించి సొంతంగా రాయాలని, తర్వాత వచ్చి మాట్లాడాలని స్కూలువాళ్లు చెప్పినారు. కొండప్ప ట్యూషన్ సారుతో ఇంగ్లీషులో రాయించి, దాన్ని వసుధ చేత బట్టీ పట్టించినాడు. డాక్టరై పేదలకు సేవ చేస్తానని అందులో ఉండేది. ఆ పిల్ల ఎన్నడూ అనుకోని మాట అది.

మాట తప్పితే చెంప మీద కొట్టేవాడు. మళ్లీ తప్పితే బెల్టు తీసేవాడు. భార్య లక్ష్మీదేవి అడ్డమొస్తే జుట్టు పట్టి గోడకేసి కొట్టినాడు.

"నా బిడ్డకు నేను సాయం చేస్తాండా. నీకేం తెలుసు, పక్కకు జరుగు," అన్నాడు.

నుదుటి మీద కట్టుతోనే లక్ష్మీదేవి వాళ్లతో పాటు పెనుకొండకు పోయింది.

హెడ్మాస్టరమ్మ పెద్ద వయసు మనిషి. ఇంగ్లీషు జోలికి పోకుండా తెలుగులోనే అడిగింది. "నీకు ఇష్టమైన పని ఏంటమ్మా?"

వసుధ నాయన ముఖం చూసింది. వెనకనుంచి అతను పెదవులు కదిలిస్తూ అందించినాడు.

"మీరు కాసేపు బయట కూర్చోండి," అంది హెడ్మాస్టరమ్మ. కొండప్ప కదల్లేదు.

ఆమె మళ్లీ మెల్లగా అడిగేసరికి వసుధ అంది, "చీర అంచుకు బొమ్మలు గీసేది ఇష్టం మేడం. నెమళ్లు బాగా గీస్తాను."

ఆమె నవ్వి ఇంకేదో అడగబోయింది. అంతలోనే కొండప్ప చేయి లేచింది. ఆ దెబ్బకు పిల్ల కుర్చీతో సహా పక్కకు పడింది. తల బల్ల మూలకు తగిలింది. ఎడమ చెవిలోంచి రక్తం కారి గౌను భుజం తడిసింది.

లక్ష్మీదేవి పెళ్లయినప్పటినుంచి ఎవరి మీదా చేయెత్తి ఎరగదు. చేతిలోని స్టీలు నీళ్ల సీసాతో మొగుని ముఖం మీద కొట్టింది. అతని పన్ను ఊడింది. అతను కిందపడినా ఆపలేదు. వాచ్‌మన్ పరుగున వచ్చి పట్టుకునేదాకా కొడుతూనే ఉంది. అరవలేదు, ఏడవలేదు.

పిల్లకు ఆ చెవి ఇంక వినపడదని డాక్టర్లు చెప్పినారు. కొండప్ప మీద కేసయింది. లక్ష్మీదేవి కూతుర్ని తీసుకుని తాడిమర్రిలో తన అన్న సుబ్బన్న ఇంటికి చేరింది.

బెయిలు మీద బయటికొచ్చినాక కొండప్ప వాళ్లను పిల్చుకుపోను తాడిమర్రికి వచ్చినాడు. సుబ్బన్న వీధిలోనే కలబడినాడు. ఇద్దరూ దుమ్ములో పొర్లినారు. కొండప్ప సుబ్బన్న చేయి కొరికినాడు. సుబ్బన్న అతని పక్కటెముక విరగ్గొట్టి, "ఇంకోసారి వస్తే చంపుతా" అన్నాడు.

అయినా కొండప్ప ఊరుకోలేదు. ఒళ్లు బాగుపడినాక ఒక మధ్యాహ్నం మళ్లీ వచ్చినాడు. సుబ్బన్న చేనికాడ ఉన్నాడు. అరుగు మీద వసుధ సుబ్బన్న చిన్న కూతురికి ఎక్కాలు చెప్తోంది. ఆ పాప తడబడింది. వసుధ చింతబరికెతో మోకాళ్ల మీద కొట్టింది. మళ్లీ అడిగింది, మళ్లీ కొట్టింది. పాప కాళ్ల మీద వాతలు తేలినాయి.

కొండప్ప ఎడమపక్కనుంచి వచ్చి పిలిచినాడు. వసుధకు వినపడలేదు. అతను బరికె పట్టుకోబోతే ఉలిక్కిపడి తిరిగి, అదే విసురులో అతని ముఖం మీద కొట్టింది. ఎవరిని కొట్టిందో తెలియగానే రెండు చేతులతో తల కప్పుకుని ముడుచుకుపోయింది.

"కొట్టను పాపా," అన్నాడు కొండప్ప. "దాన్నెందుకు కొడతాండావు?"

వసుధ తల మీద చేతులు తీయకుండానే అంది. "కొట్టకపోతే దానికెట్లా వస్తాది?"

కొండప్ప అరుగు కింద కూలబడినాడు. దవడ మీద రక్తం తుడుచుకోలేదు. లోపల్నుంచి లక్ష్మీదేవి బయటికొచ్చి ఆ ముగ్గుర్నీ చూసింది. బరికె విరిచి అవతల పారేసి, చిన్నపాపను ఎత్తుకుంది.

ఆ మరుసటి ఏడు వసుధ హిందూపురంలో ఒక స్కూలుకు పెట్టుకుంది. దరఖాస్తు తానే రాసింది. స్కూలువాళ్లు మాట్లాడను పిలిచిన రోజు, నేనూ రానా అని కొండప్ప అడిగితే లక్ష్మీదేవి, "రా. గేటు బయటే నిలబడాల. ఏం రాసినావని అడగొద్దు," అంది. అతను అట్లే ఎండలో నిలబడినాడు. పిల్ల బయటికొచ్చి, "ఆకలైతాంది నాయనా" అంది. ముగ్గురూ పోయి దోసెలు తిన్నారు.

సీటొచ్చింది. వసుధ ఇప్పుడు హిందూపురం హాస్టల్లో ఉంటోంది. లక్ష్మీదేవి మాత్రం ధర్మవరం తిరిగి రాలేదు, వస్తానని కూడా చెప్పలేదు. కొండప్ప ఆదివారాల్లో పిల్లను చూసి వస్తాడు. అతని చేయి కాస్త పైకి లేస్తే చాలు, ఆ పిల్ల ఇప్పటికీ వెనక్కి జరుగుతుంది. అందుకే తెచ్చిన పండ్లు చేతికివ్వడు. బెంచీ మీద పెట్టి, దూరంగా జరిగి నిలబడతాడు.