నూనె జల్లెడలో పసుపు

పోయిన సోమవారం ఉదయం దీపం పెట్టి లేస్తుంటే గుండుగొలను నుంచి పిన్నిగారు ఫోన్ చేశారు. "అమ్మాయ్, మీ బాబాయిగారు వెళ్ళిపోయారే" అన్నారు. కాఫీ తాగి, పేపరు ఒళ్ళో పెట్టుకుని, కుర్చీలోనే ఒరిగిపోయారట.

మాకూ వాళ్ళకూ చుట్టరికం లేదు. ఆయన ట్రాక్టర్లు బాగుచేసే మేస్త్రి. ముఖ్యంగా చిన్న ట్రాక్టర్లకు వెనక ఉండే హైడ్రాలిక్ లిఫ్ట్, అంటే పొలం దున్నే రోటవేటర్‌ను పైకెత్తి దించే భాగం, ఆయన చేతిలో పడితే బాగుపడకుండా ఉండేది కాదు. దెందులూరు నుంచీ, కలిదిండి నుంచీ కూడా రైతులు ఆయన షెడ్డుకి వచ్చేవారు. నేను కాపరానికి వచ్చిన కొత్తలో ఆయన్ని బాబాయిగారూ అని పిలిచాను. ఆయన మా ఆయన్ని అల్లుడూ అన్నారు. అంతే, అది అలా ఉండిపోయింది.

మేం వెళ్ళేసరికి ఆయన్ని అరుగు మీద పడుకోబెట్టారు. బయట షామియానా కింద మగవాళ్ళు టీలు తాగుతున్నారు.

"పనిమంతుడేనండీ. కానీ ఆ నోరుందే..." అన్నాడొకాయన.

"నోరొకటేనా అండీ! మా బండిని చూసి కండువాతో ముక్కు మూసుకున్నాడు మహానుభావుడు. బండికి కంపేమిటండీ?" అన్నాడు ఇంకొకాయన. నలుగురూ నవ్వారు.

మా ఆయన ఆ నలుగురి పక్కనే కూర్చుని ఉన్నారు. నవ్వలేదు గానీ, కాదనీ అనలేదు. నాకు అసహ్యం వేసింది. పది మందిలో గొంతెత్తి మాట్లాడటం నాకు చేతకాదు. పిన్నిగారి పక్కన కూర్చుని వచ్చేశాను. అక్కడ అనలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను.

ఆయన ముక్కు మూసుకునేవారన్నది నిజమే. ఎందుకు మూసుకోరు? చేపల చెరువుల్లో నీళ్ళు చిలికే ఏరియేటర్ నుంచి తీసేసిన నల్లటి నూనె తెచ్చి లిఫ్టులో పోసినవాళ్ళున్నారు. రొయ్యల మందు డబ్బా కడక్కుండా అందులో కొత్త నూనె పట్టుకొచ్చినవాళ్ళున్నారు. ఒకసారి లిఫ్టు నూనె వడకట్టే జల్లెడలో రొయ్య మీసం దొరికిందని ఆయనే చెప్పారు. ఆ బండి నడిపేవాణ్ణి పిలిచి, "నాయనా, పులుసు పెట్టుకుందామా?" అని అడిగారట. ఆ మనిషి పదేళ్ళయినా ఆ మాట మర్చిపోలేదు. రొయ్య ఎలా వచ్చిందో మాత్రం మర్చిపోయాడు.

ఆయన తెల్లచొక్కా వేసుకుని పని చేసేవారు. మరక పడేది కాదు. పని అయ్యాక ఊకతో చేతులు రుద్దుకుని, సబ్బుతో రెండుసార్లు కడుక్కుని, వేళ్ళు వాసన చూసుకుని గానీ మంచినీళ్ళ గ్లాసు ముట్టుకునేవారు కాదు. "ముందు చూడు, తర్వాత విను, తర్వాత వాసన చూడు. ఇవన్నీ అయ్యాకే పానా పట్టు" అనేవారు. పైకెత్తిన రోటవేటర్ కింద దుంగ పెట్టకుండా తల దూర్చినవాణ్ణి మాత్రం కొట్టినంత పని చేసేవారు.

ఇక మా ఇంటి సంగతి.

మాది కొల్లేరు అంచున పల్లపు పొలం. రెండేళ్ళ కిందట సార్వా పంటకి ముందు కొత్త రోటవేటర్ కొన్నాం. శుక్రవారం పూజ అనుకున్నాం. మా డ్రైవరు సూరిబాబు పదిహేనేళ్ళుగా మా దగ్గరే ఉన్నాడు. ఆ ఉదయం అతను ట్రాక్టరు సీటు వెనక లిఫ్టులోకి నూనె పోసే మూత విప్పి చూసి, తక్కువైందని ఆ రంధ్రంలో గుడ్డ కుక్కి, నూనె తేవడానికి సైకిలు మీద వెళ్ళాడు. నేను పూజ పళ్ళెం పట్టుకుని వచ్చాను. నల్లగా జిడ్డోడుతున్న గుడ్డ కనిపించింది. పూజ వేళ ఈ మైల ఏమిటని రెండు వేళ్ళతో పట్టి అవతల పారేశాను. బండంతా పసుపు రాశాను, కుంకుమ పెట్టాను. మూడు కొబ్బరికాయలు కొట్టి, ఆ నీళ్ళు భక్తిగా పైనుంచి పోశాను. గుడగుడమని చప్పుడైంది. అప్పుడు చూశాను రంధ్రం.

గుండె జారిపోయింది. కానీ శుభమా అని పూజ చేస్తూ ఆ మాట ఎలా ఎత్తను? నూనెలో నాలుగు చుక్కల నీళ్ళకేమవుతుందిలే అనుకున్నాను. ఆ గుడ్డ వెతికి తెచ్చి మళ్ళీ రంధ్రంలో పెట్టేశాను. సూరిబాబు వచ్చి నూనె పోసి మూత బిగించాడు. అతనికేం తెలుసు?

సోమవారం నాట్లకి ముందు పొలం బురద చేసే దమ్ముకి దిగారు. లిఫ్టు వణుకుతూ లేచి, సగంలో ఆగి, దబ్బున పడింది. మంగళవారం అసలు లేవలేదు. రోటవేటర్ లేవకపోతే గట్టు దగ్గర బండి తిరగదు. నారు ముదిరిపోతోంది. మా ఆయన నూనె మట్టం చూసే పుల్ల తీస్తే, నీళ్ళు కలిసినట్టు తెల్లగా ఉంది.

"లోతు నీళ్ళలో దింపొద్దని చెప్పానా లేదా?" అని సూరిబాబు మీద అరిచారు.

"దింపలేదండి బాబుగారూ. అమ్మవారి మీద ఒట్టండి."

"మరి నీళ్ళు ఆకాశంలోంచి వచ్చాయా? రేపట్నుంచి పన్లోకి రాకు."

సూరిబాబు మంచం దిగలేని తల్లికి మధ్యాహ్నం ఇంటికెళ్ళి అన్నం తినిపించి వచ్చేవాడు. మా పని పోతే కలిదిండి చెరువుల మీద కాపలాకి పోవాలి. అక్కడికి పోతే రోజూ ఇంటికి రావడం కుదరదు. ఇదంతా నాకు తెలుసు. వంటింటి గుమ్మంలో నిలబడి వింటూనే ఉన్నాను. నోరు తెరవలేదు. ఆ సాయంత్రం సహస్రనామం చదువుకున్నాను, ఒక్క నామం తప్పలేదు. తల్చుకుంటే ఇప్పటికీ నా మీద నాకే రోత పుడుతుంది.

బుధవారం బాబాయిగారు మోపెడ్ మీద వచ్చారు. రాగానే, "సూరిబాబేడీ? ఈ బండి కష్టసుఖాలు వాడికే కదా తెలిసేది, పిలిపించు" అన్నారు. సూరిబాబు వచ్చి, తనను రావద్దన్న వాకిట్లో ఒక పక్కగా నిలబడ్డాడు.

బాబాయిగారు ముందు రోటవేటర్ కింద దుంగలు పెట్టించారు. లివరు కదిపి, దాని కమ్మీలు, పిన్నులు అన్నీ సరిగా ఉన్నాయో లేదో చూశారు. బండి స్టార్ట్ చేయించి చెవి ఒగ్గి విన్నారు. "పంపు ఏడుస్తోందయ్యా అల్లుడూ. దానికి నూనె అందట్లేదు. ఎక్కడో అడ్డం పడింది" అన్నారు. బండి ఆపించి నూనె పుల్ల తీశారు. "ఇది నూనా, మజ్జిగా? తాలింపు పెట్టలేదేం?" అన్నారు. పుల్ల ముక్కు దగ్గర పెట్టుకుని, ఛీ అని కండువా అడ్డం పెట్టుకున్నారు. ఆగి, మళ్ళీ వాసన చూశారు. తర్వాత మా ఆయన్ని ఏలూరు పంపారు, కొత్త నూనె డబ్బాలు పట్టుకురమ్మని.

పాత నూనె అంతా డబ్బాలోకి దింపారు. పుల్లటి, మురిగిన వాసన వాకిలంతా నిండింది. నాలుగు బోల్టులు విప్పి జల్లెడ బయటికి తీశారు. కాసేపటికి నన్ను పిలిచారు.

"చూడమ్మాయ్. బురద కాదు, రొయ్య కాదు. పసుపు. ఇదిగో, కొబ్బరి పీచు. ట్రాక్టరుకి సీమంతం చేసిందెవరు?"

"నేనే బాబాయిగారూ."

"మీ ఆయనకి తెలుసా?"

"తెలియదండీ."

"వాడికి?" అని సూరిబాబు వైపు చూపించారు.

"తెలియదండీ."

కండువా మళ్ళీ ముక్కు మీదికి వెళ్ళింది. ఈసారి నూనెను చూసి కాదు. నాకు భూమిలోకి దిగిపోతే బాగుండుననిపించింది.

"దండం పెట్టుకో తల్లీ, ఎవరొద్దన్నారు? మూత బిగించి పెట్టుకో" అన్నారు. తర్వాత గొంతు తగ్గించి, "నూనెలో ఏముందో చెప్పడం నా పని. అది ఎలా పడిందో నీ మొగుడికి చెప్పడం నా పని కాదు" అని జల్లెడ కడగడానికి వెళ్ళిపోయారు.

మా ఆయన వచ్చి డబ్బాలు దించగానే చెప్పేశాను. గుడ్డ తీసింది, నీళ్ళు పోసింది, మళ్ళీ గుడ్డ పెట్టింది, శుక్రవారం నుంచీ నోరు మూసుకున్నది, అన్నీ. ఆయన కేకలేస్తారనుకున్నాను.

ఆయన నవ్వేశారు! "ఓసి నీ భక్తి పాడుగాను! పోనీలే, దేవుడి పేరు చెప్పి పోశావు" అన్నారు.

ఏమండీ చదువుతున్నవాళ్ళూ, మీరే చెప్పండి. సూరిబాబు చేశాడనుకున్నప్పుడు కొంప మునిగిన తప్పు, నేను చేశానని తెలిస్తే నవ్వులాటా? తిట్టి ఉంటే నయం.

బాబాయిగారు కడిగిన జల్లెడ లోపల పెట్టారు. నాలుగు బోల్టులూ గుప్పిట్లో ఉన్నాయి. బిగించకుండా వెళ్ళి నూనె డబ్బా మీద కూర్చున్నారు.

"మరి వాడికేం చెప్తావు అల్లుడూ?"

"చెప్పేదేముందండీ. రేపు పన్లోకి రమ్మనండి."

"నేనెందుకు చెప్పాలి? నీకు ఆరడుగుల దూరంలో ఉన్నాడు."

మా ఆయన అటు తిరక్కుండానే, "రేపు రారా సూరిబాబూ" అన్నారు.

"చిత్తం బాబుగారూ" అన్నాడతను వెంటనే. అంత వెంటనే అన్నందుకు నాకు ఏడుపొచ్చింది.

"రమ్మన్నావు, సరే. మిగతాది?" అన్నారు బాబాయిగారు.

"పనివాడికి మనం..." అని మా ఆయన ఆగిపోయారు. "బాబాయిగారూ, నారు ముదిరిపోతోందండీ. ముందు బోల్టులు బిగించండి."

"నాకు తొందర లేదు. నారు నాది కాదుగా."

సూరిబాబు కంగారు పడిపోయాడు. "నాకేం వద్దండి మేస్త్రిగారూ, ఊరుకోండి, మీకు దండం పెడతాను" అన్నాడు. ఆయన వినలేదు. ఎండ వచ్చి ఆయన తెల్లచొక్కా మీద పడింది. కదల్లేదు. నేను మంచినీళ్ళిస్తే వద్దన్నట్టు తలూపారు. ఎంతసేపో చెప్పలేను. పొలంలో నీళ్ళు తళతళ మెరుస్తున్నాయి, దమ్ము సగంలో ఆగిపోయి ఉంది. మా ఆయన వాకిట్లో అటూ ఇటూ నాలుగుసార్లు తిరిగారు. చివరికి సూరిబాబు ముందుకి వెళ్ళి నిలబడ్డారు.

"తప్పు నాదే సూరిబాబూ. కనుక్కోకుండా అన్నాను" అన్నారు. ఆ గొంతు నాకు కొత్తగా వినిపించింది.

సూరిబాబు తలపాగా విప్పి ముఖం తుడుచుకున్నాడు.

బాబాయిగారు లేచి గుప్పిట విప్పారు. అంతసేపు గట్టిగా పట్టుకుని ఉన్నారేమో, అరచేతిలో బోల్టుల అంచులు ఎర్రగా అచ్చు పడ్డాయి. మొదటి బోల్టు తీసి సూరిబాబు చేతిలో పెట్టి, పానా అందించి, అతని పక్కన వంగి నిలబడ్డారు. "చేత్తో తిప్పు ముందు. మర కూర్చుందా? ఆఁ, ఇప్పుడు బిగించు" అంటున్నారు మెల్లగా.