పంచె బాబాయి మళ్లీ కనిపించాడు

ఈ రోజు లంచ్ టైములో మా ఆఫీసులో జూనియర్ హారిక నన్ను గవర్నర్‌పేటలోని గేమింగ్ సెంటర్‌కి లాక్కెళ్లింది. రకరకాల ఆటల్లోని ఫైటర్లందరినీ ఒకచోట చేర్చి కొట్టుకోమనే కొత్త గేమ్ పెట్టింది. ఆ ఫైటర్ల వరసలో చివర మా పంచె బాబాయి నిలబడి ఉన్నాడు!

చిన్నప్పుడు ఉయ్యూరులో మేం ఆడిన పాత గేమ్‌లోని ముసలాయన. పేరు జపాన్ అక్షరాల్లో ఉండేది. చదవలేక, నడుముకున్న తెల్లగుడ్డ చూసి నేనే ఆ పేరు పెట్టాను. మంచి ఫైటర్లని అన్నయ్య, వాడి స్నేహితులు పంచుకుని, ఎప్పుడూ ఓడిపోయే ఈయన్ని నాకు వదిలేసేవారు. ఈయనతోనే గెలవడం నేర్చుకున్నాను. నేను గెలిచినప్పుడల్లా రిమోట్ పాడైందని, ఆ ఆట లెక్కలోకి రాదనేవారు.

"ఇంతకుముందు ఈయనెవరో మాకెవరికీ తెలీదు మేడమ్. ఈ గేమ్‌లోకి వచ్చాకే తెలిసిందండీ," అంది హారిక.

సంబరం పట్టలేక అన్నయ్యకు ఫోన్ చేశాను. "అన్నయ్యా, మన పంచె బాబాయి కొత్త గేమ్‌లో ఉన్నాడు!"

"వాడెవడే? అయినా నువ్వెప్పుడు ఆడావే? పక్కన కూచుని చూసేదానివిగా!"

ముక్కూమొహం తెలియని వాళ్లని పరిచయం చేసే గేమ్‌లు బాగానే వస్తున్నాయి. నన్ను మా అన్నయ్యకు పరిచయం చేసే గేమ్ ఏదైనా ఉంటే చెప్పండి, కొనుక్కుంటాను.