గుండీలు పెట్టిన కోటు

కెనడాలో, రెజైనా నగరంలోని ఒక ప్రభుత్వ భవనం లాబీలో, రిజిస్టర్ దగ్గర నిలబడే సెక్యూరిటీ గార్డు పేరు రాగిణి. చదివింది పబ్లిక్ పాలసీలో మాస్టర్స్. యూనిఫాం మీద నల్లకోటు వేసుకుని, లోపల హీటర్లతో ఎంత ఉక్కగా ఉన్నా మెడదాకా గుండీలు పెట్టుకుంటుంది. పై అంతస్తుల వాళ్లు ఏదైనా నివేదిక బల్లమీద మరిచిపోతే, పెన్సిల్‌తో తప్పులు దిద్ది మరీ తిరిగి ఇస్తుంది. ఎవరూ అడగరు, అయినా దిద్దుతుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఆమెను చదువుకి కెనడా పంపిన ఖమ్మం కన్సల్టెన్సీ వీరభద్రం ఫోన్ చేసి, "ఒక్క ఫోటో పెట్టమ్మా, చూసి సంతోషిస్తా" అన్నాడు. కోటు గుండీలన్నీ పెట్టుకుని, భవనం పేరు కనపడేలా తీయించుకుని పంపింది.

నిన్న ఒక కొత్తమ్మాయి బూట్లకంటిన మంచు దులుపుకుంటూ లోపలికొచ్చి, ఆమెను చూసి ఆగిపోయింది.

"మీరు రాగిణక్క కదా! నేను ఇషిత. వీరభద్రం సార్ ఆఫీసుల గోడంత ఉంది మీ ఫోటో. కింద పాలసీ అనలిస్ట్ అని రాసిండ్రు. అది చూసే నేను గూడ మీ కోర్సుకే అప్లై చేసి ఈడికొచ్చిన. మిమ్మల్ని కలుద్దామనే వచ్చిన అక్కా. మీ సీటు ఏ ఫ్లోర్‌ల?"

రాగిణి గుండీలు ఒక్కొక్కటే విప్పింది. లోపల గార్డు బ్యాడ్జి కనపడింది. రిజిస్టర్‌ను ఆ పిల్ల వైపు తిప్పింది.

"ఇక్కడే. సంతకం పెట్టు."