ఆంబ్రోస్ ఇవ్వని వేగం

అట్లాంటిక్‌కు పడమటి దరినున్న గాండర్ విమాన కేంద్రంలో ఆంబ్రోస్ డాల్టన్ ఉద్యోగం, ఆ సముద్రం దాటే విమానాలకు వేగం నిర్ణయించడం. నడిసముద్రం దాకా రాడార్ చూపు ఆనదు. అందుకని ఒడ్డు దాటకముందే ఎవరి వేగం వారికి చెప్పేస్తారు, అవతలి ఒడ్డు దాకా అదే. ఎడారిలో ఒంటెల బిడారులదీ ఇదే మర్యాద, వెనకది ముందుదాన్ని తొక్కకూడదు.

ఆ సాయంత్రం ఐర్లాండ్ వెళ్లే విమానం పైలట్ ఇంకాస్త వేగం అడిగాడు. అందులో ఆంబ్రోస్ భార్య లొరెట్టా ఉంది. అరవయ్యో ఏట ఓ దీవిలో పెళ్లాడుతున్న అక్క దగ్గరికి ప్రయాణం. ఆ దీవికి రోజుకు ఒకటే పడవ.

"ఇచ్చెయ్యరా బాబూ! పడవ తప్పిందో, ఇక నీకు ఇంట్లో కూడు పుట్టదు," అన్నాడు పక్క కుర్చీలోని గస్.

అదే ఎత్తులో ముందు పోతున్న సరుకు విమానాన్ని, కాస్త త్వరగా పోగలవా అని ఆంబ్రోస్ అడిగి చూశాడు. బరువెక్కువ, కుదరదన్నాడు దాని పైలట్. పైనా కిందా దారులు నిండి ఉన్నాయి.

"కుదరదు, చెప్పిన వేగమే," అన్నాడు ఆంబ్రోస్, భార్య ఉన్న విమానం పైలట్‌తో.

మర్నాడు ఫోన్ మోగింది.

"పడవ నా కళ్లముందే పోయిందయ్యా! చేపల పడవవాణ్ణి బతిమాలుకుని, పట్టుగౌను తడుపుకుంటూ వెళ్తే పెళ్లి సగం అయిపోయింది. ముందేదో విమానం అడ్డముందన్నాడు మా పైలట్. మమ్మల్ని ఆపిన మహానుభావుడెవరు?"

"నేనే."



"అనుకున్నాలే. ఆ ముందు విమానంవాడికీ ఇంటి దగ్గర ఒకతి ఉంటుందిగా. సరేగానీ, నేను నానబెట్టిన ఉప్పుచేప వండుకున్నావా, లేదా?"